జయపురం లూథరన్ గుడి జర్మన్ దొరలదా, అమెరికా దొరలదా? మా ముత్తాత పేరు వెతుకుతూ నేను తెలుసుకున్నది

మీ ప్రశ్న చదవగానే మా మామ్మ గుర్తొచ్చిందండి. మీ ముత్తాతగారు జయపురం ఏజెన్సీలో ఏదో లూథరన్ గుడిలో (మార్టిన్ లూథర్ బాటలో నడిచే ప్రొటెస్టెంట్ల చర్చిలో) ఉపదేశిగా, అంటే పాస్టరు కింద ఊళ్లలో బోధించేవాడిగా చేశారని, అది జర్మన్ దొరల గుడి అని మీ మేనత్త, కాదు అమెరికా వాళ్లదని మీ పెదనాన్నగారు వాదించుకుంటారని రాశారు. ఒడిశాలో తెలుగు సంఘం ఎక్కడి నుంచి వచ్చింది, ఆయన పేరు ఎక్కడ వెతకాలి అని కూడా అడిగారు. అచ్చం ఇదే గొడవ మా ఇంట్లోనూ ఉండేది. మామ్మ జర్మన్ దొర అనేది, ఆవిడ మరిది అమెరికా దొర అనేవారు. క్రిస్మస్‌కి అందరూ కలిసినప్పుడు పులిహోర తింటూ ఇదే పంచాయితీ. ఇద్దరూ చెప్పింది నిజమేనని నాకు ముప్పై ఏళ్లు దాటాక గానీ తెలియలేదు.

నేను పుట్టి పెరిగింది కోరాపుట్టు జిల్లాలో. నాన్నగారికి సునాబెడా విమాన ఇంజన్ల ఫ్యాక్టరీలో ఉద్యోగం. ఆదివారం మాత్రం బస్సెక్కి మామ్మ వాళ్ల ఊరి గుడికి వెళ్లాల్సిందే. నేను చరిత్ర చదువుకున్నవాణ్ణి కాను. ఆ గుడి రిజిస్టర్లు కొన్ని తిరగేశాను, కొన్ని పాడు కూడా చేశాను. ఆ ఊరి పేరు కావాలనే రాయడం లేదు. ఎందుకో కింద మీకే అర్థమవుతుంది.

ముందు మ్యాపు సంగతి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా విడిగా ఏర్పడేదాకా కోరాపుట్టు, జయపురం, నవరంగపురం, రాయగడ అన్నీ మద్రాసు ప్రెసిడెన్సీలోనే, మన విశాఖపట్నం జిల్లా ఏజెన్సీలోనే ఉండేవి. కింద సాలూరు, పైన పొట్టంగి, మధ్యలో సుంకి ఘాటు. కోర్టు కాగితాల మీద తెలుగు, సంతలో తెలుగు వర్తకులు, జయపురం రాజావారి దర్బారులో తెలుగు కవులు. ఆఖరికి ఆంధ్ర విశ్వవిద్యాలయానికి పెద్ద దాత అయిన విక్రమదేవ వర్మగారు కూడా ఈ జయపురం మహారాజే కదా. కాబట్టి మీ ముత్తాతగారు ఒడిశాకి వలస వెళ్లలేదు. ఉన్న జిల్లాలోనే కొండెక్కారు. ఒడిశాయే ఆయన దగ్గరికి తర్వాత వచ్చింది.

ఇక దొరల సంగతి. జర్మనీకి ఉత్తరపు కొసన, డెన్మార్క్ పక్కన ష్లెస్విగ్-హోల్‌స్టైన్ అనే ప్రాంతం ఉంది. అక్కడ బ్రెక్లుం అనే చిన్న ఊళ్లో క్రిస్టియన్ యెన్సెన్ అనే పాస్టరు 1876లో ఒక మిషన్ మొదలుపెట్టారు. ఆ మిషన్ ఇండియాకి పంపిన మొదటి ఇద్దరు ఎర్న్‌స్ట్ పోల్, హెర్మన్ బోట్‌మన్. 1881లో బయలుదేరారు. వచ్చి దిగగానే సాయం దొరికింది రాజమండ్రిలో, అమెరికన్ లూథరన్ మిషన్ దగ్గర. ఆ రాజమండ్రి మిషన్ కథ ఇంకా తమాషా. 1845లో దాన్ని మొదలుపెట్టింది ఉత్తర జర్మనీ వాళ్లే. నడపలేక కొన్నేళ్లకే అమెరికా వాళ్లకి అప్పగించారు. ఆ అమెరికా వాళ్లలో మొదటివారు 1842లో గుంటూరు వచ్చిన ఫాదర్ హయ్యర్. అంటే జర్మన్ చేతి నుంచి అమెరికన్ చేతికి మారడం మన లూథరన్లలో పాత అలవాటే అన్నమాట. జయపురం దాకా రాకముందే ఒకసారి జరిగిపోయింది.

పోల్, బోట్‌మన్ల గురి నిజానికి జయపురం మీద లేదు, బస్తర్ మీద ఉంది. జగదల్‌పూర్ దాకా వెళ్లారు. అక్కడి రాజు ఉండనివ్వలేదు. వెనక్కి తిరిగి 1882లో కోరాపుట్టులో దిగారు. అప్పటికి ఇంగ్లీషు ఆఫీసర్లు కూడా జయపురం జ్వరాలకి తట్టుకోలేక ఎత్తుగా ఉన్న కోరాపుట్టుకి మకాం మార్చేసి ఉన్నారు. దోమ వల్ల మలేరియా వస్తుందని రుజువైంది 1897లో. అంతకు ముందు అందరికీ తెలిసింది ఒక్కటే, మన్యం గాలి మంచిది కాదని. అక్కడి పాత సమాధుల దొడ్లలో పెద్దవాళ్ల సమాధుల పక్కన బెత్తెడు పిల్లల సమాధులు ఎందుకు అన్ని ఉంటాయో అర్థం కావాలంటే ఆ జ్వరం గురించి తెలియాలి.

ఆ తర్వాత సాలూరు, జయపురం, కోటపాడు, నవరంగపురం, పార్వతీపురం, ఇలా ఒక్కొక్క స్టేషనూ వెలిసింది. ఇక్కడే తెలుగువాళ్ల అవసరం వచ్చింది. ఘాటు కింద తెలుగు పనికొస్తుంది. పైన ఊళ్లలో మాట్లాడేది దేశియా, అంటే కొండ ఒడియా. దాని పక్కనే పరజా, గదబ భాషలు. దొరకి తెలుగు వచ్చినా ఊళ్లోకి వెళ్లి మాట్లాడలేడు. రెండూ తెలిసినవాళ్లు సాలూరు, పార్వతీపురం వైపు ఉండేవారు. బోర్డింగు స్కూలు మాస్టర్లు, కాంపౌండర్లు, ఉపదేశులు, వంటవాళ్లు, బండివాళ్లు అలా కొండెక్కారు. మా ముత్తాత బోర్డింగు పిల్లలకి ఎక్కాలు చెప్పడానికి వెళ్లి, రెండేళ్లలో ఉపదేశి అయ్యారని ఇంట్లో చెప్పుకుంటారు.

పై ఊళ్లలో సంఘంలో చేరినవాళ్లలో ఎక్కువమంది డొంబు కులంవాళ్లు. బట్ట నేయడం, డోలు, మహురి (సన్నాయి లాంటి వాద్యం) వాయించడం వాళ్ల పని. ఎందుకు చేరారని అడిగితే ఈ రోజుల్లో ఒకరు దేవుడి పిలుపంటారు, ఇంకొకరు దొరలు పంచిన గోధుమ రవ్వ కోసం అంటారు. నాకు రెండూ ఒప్పవు. ఆ ప్రాంతంలో గోతి అనే పద్ధతి ఉండేది. ఇరవయ్యో ముప్ఫయ్యో అప్పు తీసుకుని, తీర్చలేక, సావుకారు పొలంలో ఏళ్ల తరబడి వెట్టి చేయడం. నోటు మీద ఏం రాసుందో చదవగలిగిన కొడుకు ఇంట్లో ఒక్కడుంటే ఆ లెక్క మారుతుంది. బోర్డింగు స్కూలు ఇచ్చింది అది. మిగతావన్నీ ఉండొచ్చు, కానీ ముందుది ఇదేనని నా నమ్మకం.

ఇప్పుడు మీ ఇంటి వాదన దగ్గరికి వద్దాం. 1914లో మొదటి ప్రపంచ యుద్ధం మొదలైంది. ఇంగ్లీషు ప్రభుత్వానికి జర్మన్లు శత్రువులు కదా. మిషనరీలను క్యాంపుల్లో పెట్టి, తర్వాత స్వదేశానికి పంపేశారు. వాళ్ల పని చూసే బాధ్యత మన వైపు నుంచి వెళ్లిన అమెరికన్ లూథరన్ల మీద పడింది. జర్మన్లు మళ్లీ వచ్చింది 1920ల నడిమిలో. 1928లో జయపురం ఇవాంజెలికల్ లూథరన్ చర్చి అనే పేరుతో సంఘం తన కాళ్ల మీద నిలబడింది. దానికి ఒక ఏడాది ముందే, 1927లో, గుంటూరు, రాజమండ్రి వైపు ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ సంఘం ఏర్పడింది. అందుకే రెండూ వేర్వేరు సంఘాలు, అక్కాచెల్లెళ్లు అనుకోండి. రెండో యుద్ధంలో మళ్లీ అదే కథ, జర్మన్లు మళ్లీ క్యాంపులకి. మీ ముత్తాతగారు 1914కి ముందు పనిలో చేరి ఉంటే మీ మేనత్త చెప్పింది నిజం. యుద్ధం రోజుల్లో చేరి ఉంటే పెదనాన్నగారిది నిజం. రెండు కాలాల్లోనూ ఉంటే ఇద్దరిదీ నిజమే.

కానీ నాకు అసలు విషయం తెలిసింది ఈ ఇద్దరి మధ్యలో ఉన్న పేజీల్లో.

బాప్తిస్మపు రిజిస్టరు ఎలా ఉంటుందో చెప్తాను. మా గుడిది అడుగున్నర పొడవు, ఖాకీ గుడ్డ అట్ట. రేకు ట్రంకు పెట్టెలో కలరా ఉండల మధ్య ఉండేది. రెండు పేజీలు తెరిస్తే అడ్డంగా ఒకే గళ్ల పట్టీ. వరస నంబరు, బిడ్డ పేరు, తండ్రి, తల్లి, ఊరు, పుట్టిన తేదీ, బాప్తిస్మం తేదీ, సాక్షులు, చివరి గడిలో బాప్తిస్మం ఇచ్చినవారి సంతకం. 1914 చివరిదాకా చివరి గడి అంతా ఒకే చెయ్యి. కుడివైపు వాలి, కోసుగా, ముళ్లకంపలా ఉంటుంది. ఒక్క అక్షరం తెలియదు. నేను ఒక జర్మన్ ఇంజనీరుకి ఫొటో చూపిస్తే, ఇది మా తాతల కాలం రాత, మాకూ రాదన్నాడు. ఆ తర్వాత ఒక పేజీలో ఆ చెయ్యి ఆగిపోతుంది. ఇంకొన్ని పేజీల తర్వాత గుండ్రటి ఇంగ్లీషు రాత మొదలవుతుంది. అది అమెరికా దొరది.

మధ్యలో పంతొమ్మిది ఎంట్రీలున్నాయి. వేలు పెట్టి లెక్కపెట్టాను. కొన్ని ఒడియాలో, కొన్ని తెలుగులో. సిరా పలుచగా, నీళ్లు కలిపినట్టు. చాలావాటి పక్కన ఒకే మాట, 'అత్యవసరం'. లూథరన్ పద్ధతిలో పాస్టరు లేనప్పుడు బిడ్డ ప్రాణం మీదికొస్తే క్రైస్తవుడు ఎవరైనా బాప్తిస్మం ఇవ్వొచ్చు. ఆ పంతొమ్మిదింటిలో ఏడింటి చివరి గడిలో మా ముత్తాత సంతకం ఉంది. తెలుగులోనే, ఇంటిపేరు మొదటి అక్షరం పెట్టి, చుక్క పెట్టి. ఆయన పేరు కోసం నేను రెండు సెలవులు బిడ్డల గడిలో, తండ్రుల గడిలో వెతికాను. ఆయన బాప్తిస్మం సాలూరులో అయింది కాబట్టి అక్కడ ఉండదు కదా, బుద్ధి లేక వెతికాను. ఆ ఏడుగురు పిల్లల్లో నలుగురు సమాధుల రిజిస్టరులో కూడా ఉన్నారు. మిగతా ముగ్గురిలో ఒకామె మా మామ్మకి కన్ఫర్మేషన్ (ఎదిగాక తన విశ్వాసాన్ని సంఘం ముందు ఒప్పుకోవడం) క్లాసులో చిన్న ప్రశ్నోత్తరి, అంటే లూథర్ రాసిన బోధ పుస్తకం, చెప్పిన టీచరమ్మ. మామ్మకి ఆ సంగతి చెప్తే కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "అందుకే నన్నొక్కద్దాన్నీ కొట్టేది కాదు," అంది.

ఇంతకీ ఆ మధ్య కాలంలో గుడి ఎవరిదంటారు? జర్మన్లదా, అమెరికా వాళ్లదా? జీతం వచ్చిందో లేదో కూడా అనుమానమే. ఆదివారం గంట మాత్రం మోగిందని ఆ పంతొమ్మిది గళ్లే సాక్ష్యం. మీ ఇంటి వాదనలో ఈ మూడో పక్షం కూడా ఉందని మీ పెదనాన్నగారికి చెప్పండి.

ఇక నేను చేసిన పాపం. ఇరవై ఏళ్ల వయసులో చదువుకున్నవాణ్ణన్న పొగరుతో చిరిగిన పేజీలకి సెల్లోటేపు అంటించాను. పదేళ్లలో ఆ టేపు పసుపుపచ్చగా మారి, జిగురు కారి, సిరాని తనతో పాటు లేపేసింది. మూడు ఎంట్రీలు పోయాయి. చెదలు కూడా అంత పని చేయలేదు. కాబట్టి మీరు వెళ్తే టేపు పెట్టకండి, లామినేషన్ అసలే వద్దు. పగటి వెలుతురులో ఫ్లాష్ లేకుండా ఫొటో తీసి, మళ్లీ గుడ్డలో చుట్టి పెట్టేయండి. ఇంకో ఊరి గుడిలో నూరేళ్ల పండగ పేరు చెప్పి పాత శిలాఫలకం మీద టైల్స్ అతికించేశారు. ఎవరిని అడిగినా పక్కవాళ్ల మీదకి తోస్తారు. ఆ ఫలకం మీద కట్టించిన మేస్త్రి పేరు తెలుగులో ఉండేది, చిన్నప్పుడు కూడబలుక్కుని చదివేవాణ్ణి. ఇప్పుడు దాని మీద గులాబీ పువ్వుల డిజైను.

పేర్ల విషయంలో జాగ్రత్త. మనం ఇంటిపేరు ముందు రాస్తాం. అక్కడి స్కూళ్లలో దాన్నే అసలు పేరనుకున్నారు. మా బాబాయి రికార్డుల్లో ఇంటిపేరుతోనే పిలవబడి, రిటైరయ్యే వరకూ అలాగే ఉండిపోయాడు. బాప్తిస్మంలో పాత పేరు తీసేసి దేవసహాయం, సత్యానందం, కరుణమ్మ లాంటి పేర్లు పెట్టేవారు. అవి వందల్లో ఉంటాయి. అందుకని బిడ్డ పేరుతో వెతక్కండి. తండ్రి పేరూ, ఊరి పేరూ కలిపి పట్టుకోండి. ఊరి పేర్లు కూడా తెలుగులో ఒకలా, ఒడియాలో ఒకలా ఉంటాయి. మన జయపురం వాళ్లకి జయపూర్, నవరంగపురం నబరంగ్‌పూర్.

ఇంకొకటి, కాస్త ఇబ్బంది విషయం. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డు కులం వాళ్లు క్రైస్తవులైతే ఆ హోదా పోతుంది. షెడ్యూల్డు తెగల వాళ్లకి పోదు. దాంతో ఒకే బెంచీ మీద కూర్చునే రెండు కుటుంబాల్లో ఒకరి పిల్లలకి రిజర్వేషన్ ఉంటుంది, ఇంకొకరి పిల్లలకి ఉండదు. అందుకే గుడి రిజిస్టరులో ఒక పేరు, స్కూలు సర్టిఫికెట్లో ఇంకో పేరు ఉన్న ఇళ్లు ఉన్నాయి. పాస్టరుగారు రిజిస్టరు చూపించడానికి వెనకాడితే గర్వమనుకోకండి. ఆ పుస్తకంలో ఎవరెవరి ఉద్యోగాలో ఉంటాయి.

ఇప్పటి సంఘం గురించి అడిగారు. ఆరాధన ఎక్కువగా ఒడియాలోనే. మా గుడిలో తెలుగు ఆరాధన పొద్దున్నే ఏడున్నరకి, తర్వాత ఒడియా ఆరాధన. ఒకప్పుడు క్రిస్మస్ ఆరాధన ఏ భాషలో అని ఎంత గొడవ జరిగిందో చెప్తే నవ్వుతారు, రెండేళ్లు వియ్యంకులు మాట్లాడుకోలేదు. రెండు భాషలూ నిజంగా కలిసేది కోత పండగనాడు. నాకు ఆ గుడి అంటే గుర్తొచ్చేది అదే. పీఠం ముందు చోళ్ల బస్తాలు, వలిసెలు, గుమ్మడికాయలు, అల్లం, కాళ్లు కట్టిన కోళ్లు. ఆరాధన అయ్యాక వేలం. ఒక పెద్దాయన కోడిని పైకెత్తి ఒడియాలో ధర పాడతాడు, ఇంకొకాయన వెంటనే తెలుగులో. ఒకసారి నాటు పుంజు కోసం నాన్నగారు, ముక్కుకి మూడు పోగులున్న ఒక పరజా ముసలమ్మ పోటీ పడ్డారు. ఆవిడకి తెలుగు రాదు, ఈయనకి పరజా రాదు. ఈయన వంద అంటే ఆవిడ వేళ్లు చూపిస్తుంది. మూడో సారికి ఆవిడే గెలిచింది. డబ్బు కట్టేసి, ఆ పుంజుని తిరిగి పీఠం ముందు పెట్టేసింది, ఇంకోసారి వేలం వేయమని. నాన్నగారు మళ్లీ ఓడిపోయారు, ఈసారి పాస్టరుగారి భార్య చేతిలో. మామ్మ చిన్నప్పుడు ఈ పండగలో డోలు, మహురి గుడి లోపలికి రానిచ్చేవారు కాదట, దొరలకి అది దయ్యాల వాద్యమట. ఇప్పుడు కానుకల ఊరేగింపు మహురి లేకుండా కదలదు.

ఎక్కడ వెతకాలంటే, ముందు సాలూరు, పార్వతీపురం వైపు గుళ్లలో ఆయన బాప్తిస్మం, కన్ఫర్మేషన్ చూడండి. పైన కొండ మీది గుళ్లలో చివరి గడి, సాక్షుల గడి చూడండి, ఉపదేశులు అక్కడే దొరుకుతారు. పెళ్లి పైన జరిగి ఉంటే ఇంకో దారి ఉంది. 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం గుడిలో జరిగిన పెళ్లి వివరం నకలు సర్కారుకి పంపాలి. 1936కి ముందు అయితే అది మద్రాసు వైపు వెళ్తుంది, భువనేశ్వర్ వైపు కాదు. చాలామంది ఇక్కడే పొరబడి రెండేళ్లు పోగొట్టుకుంటారు. గెజిటీర్లు, పాత కాగితాలు చూసేటప్పుడు కూడా విశాఖపట్నం జిల్లా పేరుతోనే వెతకండి. 1992లో కోరాపుట్టు జిల్లాని నాలుగు ముక్కలు చేశారు కాబట్టి ఇప్పటి జిల్లా పేరుతో పాతవి దొరకవు.

డిసెంబరు రెండో వారంలో నేను ఊరెళ్తున్నాను. మీ ముత్తాతగారి పేరు, వాళ్ల నాన్నగారి పేరు, ఇంటిపేరు, సాలూరు వైపు ఊరు ఏదో తెలిస్తే అదీ, విడిగా మెసేజ్ పెట్టండి, ఇక్కడ అందరికీ కనిపించేలా రాయకండి. పాస్టరుగారు ఒప్పుకుంటే ఆయన గడి ఒక్కటే ఫొటో తీసి పంపిస్తాను. మొత్తం పేజీ మాత్రం అడగొద్దు.